కరోనా మందులు: పరీక్షకు నిలిచినవెన్ని?

2021 ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు పాతబస్తీలో ఏ మందుల దుకాణం ముందు చూచినా చేతిలో చీటీ పట్టుకొని నిలబడిన జనమే కనిపించేవారు. ఆ చీటీలలోని పేర్లు ఇంచుమించు ఒక్కటే: అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఐవర్‌మెక్టిన్, ఫావిపిరావిర్, జింకు, విటమిన్ సి, వీటికి తోడు తరచుగా ఒక స్టెరాయిడ్ మాత్ర. ఒకరికి వ్రాసిన చీటీతోనే ఇంటిల్లిపాదీ, కొన్నిచోట్ల ఇరుగుపొరుగువారు కూడ మందులు కొనుక్కొన్నారు. వారిలో అత్యధికులు కోలుకొన్నారు. కోలుకొన్నవారు తాము మింగిన మందులే తమను బ్రతికించినవని నేటికీ నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి ఆధారమేమి?

ఇది గడచిపోయిన విషయం కదా అని త్రోసివేయడానికి వీలులేదు. ఆ మందులకై కుటుంబాలు నగలు తాకట్టు పెట్టినవి. కొన్ని మందులు నిజంగానే ప్రాణాలు నిలిపినవి. కొన్ని ఏమీ చేయలేదు. ఒకటి మాత్రం సరియైన వేళలో ఇచ్చినచోట ప్రాణం పోసి, వేళకాని వేళ ఇచ్చినచోట కొందరి కన్నులనే హరించినది. ఏది ఏ తరగతికి చెందినదో చెప్పగల సమాచారం ఇప్పుడు లభ్యమవుతున్నది కాబట్టి దానిని నిష్పక్షపాతంగా పరిశీలించవలసి ఉన్నది.

మొదట ఒక చిన్న లెక్క. నూరుగురు రోగులలో తొంబదియైదుగురు ఏ మందూ లేకుండానే కోలుకొనే జబ్బు ఒకటి ఉన్నదనుకొన్నట్లయితే, ఆ నూరుగురికీ పంచదార మాత్రలు ఇచ్చిన వైద్యునికి కూడ నూటికి తొంబదియైదు పాళ్ళు విజయం లభిస్తుంది. అతడు అబద్ధం చెప్పడు. తాను చూచినదే చెప్తాడు. చిక్కంతా అతడు చూడని దానిలో ఉన్నది. ఆ మాత్ర పుచ్చుకొనని నూరుగురు అతని కంటబడలేదు.

ఈ పొరపాటుకు హైదరాబాదు నగరంలోనే ఒక ప్రసిద్ధమైన దృష్టాంతం కలదు. చార్మినారు నుండి మదీనా కూడలి మీదుగా వచ్చి నయాపూల్ దాటితే మూసీ ఆవలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 నాటి వరదకు పూర్వం ఆ ప్రాంతంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. ఆ కాలంలో ఇక్కడి వైద్యవిద్యాలయానికి అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో సైమ్ అనే శస్త్రవైద్యుని శిష్యుడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని చూడనక్కరలేదనీ, శ్వాసను మాత్రం గమనిస్తే చాలుననీ గురువు నేర్పిన సూత్రం. ఆ పద్ధతిలో వేలకొద్దీ రోగులకు క్లోరోఫాం ఇచ్చినా ఆపద కలుగలేదని లారీ వాదించినాడు. దీనిని స్థాపించడానికి 1888లో ఒక సంఘం ఏర్పడి కుక్కలపై ప్రయోగాలు చేసినది. లండను వైద్యులు దానిని అంగీకరించకపోగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌనులిచ్చి, ‘లాన్సెట్’ పత్రిక తరఫున ఒక ప్రతినిధిని పంపవలసినదిగా కోరినది. ఔషధశాస్త్రంలో పేరుపొందిన లాడర్ బ్రంటన్ వచ్చినాడు. 1889లో రెండవ సంఘం వందలకొద్దీ జంతువులపై ప్రయోగాలు జరిపి, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదనీ, ముందు ఆగేది శ్వాసయే అనీ తీర్మానించినది.

ఆ తీర్మానం తప్పు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగం చేసి, క్లోరోఫాం తక్కువగా ఇచ్చి మత్తు పైపైన ఉన్న సమయంలోనే గుండె కవాటకోష్ఠాలు లయ తప్పి అదిరి ఆగిపోగలవని చూపినాడు. హైదరాబాదు ప్రయోగాలు లెక్కకు తక్కువ కావు. శ్రమకు తక్కువ కావు. అయితే ఎక్కువ మోతాదుతో చంపిన కుక్కలలో కనుగొన్నదానిని తక్కువ మోతాదులో మరణించే మనుష్యులకు అన్వయించినారు. ప్రశ్న ఒకటి, ప్రయోగం వేరొకటి అయినది. ఆ మధ్యకాలంలో నాడి చూడకుండ క్లోరోఫాం ఇచ్చిన వైద్యులు ఎందరో ఊహించుకొనవచ్చును.

కరోనా నాటికి వైద్యశాస్త్రం చేతిలో దీనికంటె మెరుగైన సాధనం ఉన్నది. అదే యాదృచ్ఛిక పరీక్ష. రోగి ఏ వర్గంలో చేరాలో వైద్యుడుగాని రోగిగాని నిర్ణయించరు; చీటీ తీసినట్లు యంత్రం నిర్ణయిస్తుంది. ఒక వర్గానికి మామూలు చికిత్స, రెండవ వర్గానికి మామూలు చికిత్సతోబాటు పరీక్షింపబడే మందు. సంఖ్య పెద్దదైనకొద్దీ వయస్సు, మధుమేహం, ఆర్థికస్థితి మొదలైన భేదాలన్నీ రెండు వర్గాలలోనూ సమంగా పంపకమవుతాయి. ఆ పైన మరణాలలో తేడా కనిపిస్తే అది మందు వల్ల కలిగినదే అనవచ్చును. 2020 మార్చిలో బ్రిటనులో ప్రారంభమైన ‘రికవరీ’ పరీక్ష ఇట్టిది. పడకలు నిండిన ఆసుపత్రులలో, అలసిన వైద్యులు కూడ పాల్గొనగలిగేటంత సులభంగా దానిని రూపొందించినారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ నడిపిన ‘సాలిడారిటీ’ మరొకటి.

ముందుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి చూడవలెను. మలేరియాకు వాడే క్లోరోక్విన్‌కు ఇది సోదరి. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నది సికింద్రాబాదు బేగంపేటలోనే కాబట్టి ఈ కుటుంబపు మందులంటే ఈ నగరానికి పాత పరిచయం. 2020 మార్చి 22 తేదీతో భారత వైద్యపరిశోధన మండలి కార్యబృందం, ఆరోగ్యసిబ్బందీ, రోగుల ఇండ్లలోనివారూ దీనిని ముందుజాగ్రత్తగా పుచ్చుకొనవచ్చునని సలహా ఇచ్చినది. గాజుపాత్రలో పెంచిన కోతి మూత్రపిండ కణాలలో ఈ మందు వైరస్‌ను అడ్డగించిన మాట నిజం. ఆ కణాలలోకి వైరస్ ఒక సంచివంటి అర గుండా ప్రవేశిస్తుంది. ఆ అరలోని ఆమ్లత్వాన్ని ఈ మందు తగ్గిస్తుంది. అయితే మనిషి ఊపిరితిత్తుల కణాల ఉపరితలం మీద వేరొక ఎంజైము ఉండి, వైరస్‌కు నేరుగా తలుపు తెరుస్తుంది. పెరటిగుమ్మానికి తాళం వేసి వీధిగుమ్మం తెరచి ఉంచినట్లయినది. ఇది మళ్ళీ లారీ కుక్కల కథయే.

‘రికవరీ’లో ఈ మందు పుచ్చుకొన్న 1561 మందిలో 28 రోజులలోపల మరణించినవారు నూటికి 27. పుచ్చుకొనని 3155 మందిలో నూటికి 25. మేలు లేదని తేలినది. న్యాయంగా చెప్పవలసిన సంగతి మరొకటి కలదు. ఈ మందు ప్రాణాంతకమని తొంబదియారువేల మంది రోగుల వివరాలతో 2020 మే 22న ఒక వ్యాసం వెలువడగా, ఆ వివరాలను ఎవరూ సరిచూడలేకపోయినందున జూన్ 4న ఉపసంహరించుకొన్నారు. ఆ వ్యాసం వెలువడినది కూడ ‘లాన్సెట్’లోనే! మందును పొగడినవారికేగాక తెగడినవారికి కూడ నిజమైన లెక్కలు అవసరమే.

అజిత్రోమైసిన్ సంగతి ఒక వాక్యంలో ముగించవచ్చును: అదే పరీక్షలో పుచ్చుకొన్నవారిలోనూ, పుచ్చుకొననివారిలోనూ మరణాలు నూటికి 22 చొప్పుననే ఉన్నవి. పైగా ఇది సూక్ష్మజీవనాశకం. వైరస్‌పై ప్రయోగించేకొద్దీ లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఐవర్‌మెక్టిన్ నులిపురుగులకు, గజ్జికి మంచి మందు. దాని కరోనా కీర్తికి ఆధారమైన వ్యాసాలలో ముఖ్యమైనదొకటి, ఈజిప్టు నుండి వచ్చినది, 2021 జూలైలో ఉపసంహరింపబడినది. బ్రెజిలులో 1358 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు పుచ్చుకొన్నవారిలో 100 మందికి, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో 111 మందికి జబ్బు ముదిరి ఆసుపత్రి అవసరమైనది. ఈపాటి తేడా కాకతాళీయంగా కూడ రాగలదు.

ఇక డెక్సామెథసోన్. ఈ పరీక్షలన్నిటిలో నిజంగా సంతోషకరమైన అధ్యాయం ఇదే. చాలకాలం నుండి వాడుకలో ఉన్న, కొద్ది రూపాయల మందు. రోజుకు 6 మిల్లీగ్రాములు, పదిరోజులకు మించకుండ. 2104 మందికి ఇచ్చి 4321 మందితో పోల్చినారు. శ్వాసయంత్రంపై ఉన్నవారిలో మరణాలు నూటికి 41.4 నుండి 29.3కు తగ్గినవి. అనగా ఇట్టి రోగులు ఎనమండుగురికి ఇస్తే ఒక ప్రాణం దక్కుతుంది. ప్రాణవాయువు మాత్రం అవసరమైనవారిలో 26.2 నుండి 23.3కు తగ్గినవి, ఇక్కడ ఒక ప్రాణానికి దాదాపు ముప్పదియైదు మందికి ఇవ్వవలసి వస్తుంది. ప్రాణవాయువే అవసరం లేనివారిలో? మందు లేనివారిలో నూటికి 14 మంది మరణించగా, మందు పుచ్చుకొన్నవారిలో 17.8 మంది మరణించినారు. ఈ చివరి తేడా నిశ్చయంగా మందు వల్లనే అనడానికి చాలదుగాని, మేలు చేసినదనడానికి మాత్రం బొత్తిగా వీలులేదు.

కారణం కష్టమైనది కాదు. జబ్బు మొదటివారంలో శరీరానికి శత్రువు వైరస్. దానితో పోరాడేది రోగనిరోధకశక్తి. జబ్బు ముదిరినవారిలో ఆ పోరాటమే అదుపుతప్పి ఊపిరితిత్తులను శోథతో నింపుతుంది. స్టెరాయిడ్ ఆ శక్తిని అణచుతుంది. రెండవ దశలో అది మంట నార్పే నీరు. మొదటి దశలో కాపలాదారుని చేతులు కట్టివేసే త్రాడు.

2020 జూన్ 16 నాడే ప్రకటితమైన ఈ సంగతి 2021 మేలో చీటీలు వ్రాసినవారికి తెలియనిది కాదు. అయినా మొదటిరోజు జ్వరానికే, ఇంటి దగ్గర ఉన్నవారికే, రక్తంలో చక్కెర పరీక్షించకుండానే స్టెరాయిడ్ మాత్రలు వ్రాసినవారు తక్కువమంది కారు. స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది. మధుమేహం ఇంటింటా ఉన్న నగరమిది. చక్కెర పెరిగి, నిరోధకశక్తి తగ్గిన ముక్కుపుటాలలో మ్యూకర్ అనే బూజు వేళ్ళూనినది. ఆ మే నెలలోనే కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని ‘బ్లాక్ ఫంగస్’ చికిత్సకు కేంద్రంగా నిర్ణయించవలసి వచ్చినది. బూజు ముక్కు నుండి కంటిగూటికి, అక్కడి నుండి మెదడుకు ప్రాకకుండ కొందరికి కన్ను తీసివేయడం తప్ప వేరుమార్గం లేకపోయినది. హైదరాబాదు నేత్రవైద్యుడు సంతోష్ హోనావర్ ప్రభృతులు దేశం మొత్తం మీద సేకరించిన 2826 మంది రోగుల వివరాలలో నూటికి 78 మంది మధుమేహులు, 87 మంది స్టెరాయిడ్ పుచ్చుకొన్నవారు. ఈ లెక్కకు పోలికవర్గం లేదు కాబట్టి స్టెరాయిడ్ ఒక్కటే కారణమని దీనినుండి తేల్చరాదు. పైన ఇతరులకు పెట్టిన నియమం ఇక్కడ సడలించడం న్యాయం కాదు. అయినప్పటికీ శోథ లేని రోగికి శోథనాశకం ఇచ్చిన చీటీని సమర్థించగల లెక్క ఏదీ లేదు.

రెమ్డెసివిర్ చరిత్రను హైదరాబాదువారు మరచిపోరు. దేశంలో దీనిని మొదట తయారుచేసి అమ్మినవారిలో ఈ నగరపు హెటిరో సంస్థ ఉన్నది. 2020 జూన్‌లో నూరు మిల్లీగ్రాముల సీసా ధర 5400 రూపాయలు. మరుసటి ఏప్రిల్‌లో దీనికై జరిగిన పరుగులు, దొంగబజారు, నకిలీ సీసాలు అందరికీ విదితమే. ఏప్రిల్ 11న కేంద్రప్రభుత్వం ఎగుమతిని నిషేధించవలసి వచ్చినది. మరి దీని బలమెంత? అమెరికావారు 1062 మందిపై నడిపిన పరీక్షలో కోలుకొనే కాలం పదునైదు దినాల నుండి పదికి తగ్గినది. మరణాల విషయంలో మాత్రం ఆ పరీక్ష తేల్చిచెప్పలేకపోయినది. ‘సాలిడారిటీ’ మొదటి నివేదికలో మందు పుచ్చుకొన్న 2743 మందిలో 301 మంది, పుచ్చుకొనని 2708 మందిలో 303 మంది మరణించినారు. 2022లో వచ్చిన తుది నివేదికలో నూటికి 14.5, 15.6. ప్రాణవాయువుపై ఉండి శ్వాసయంత్రం దాక రానివారిలో కొద్దిపాటి మేలు కనిపించినది; శ్వాసయంత్రంపై ఉన్నవారిలో ఏమీ కనిపించలేదు. అర్ధరాత్రి సీసా కొరకు ఊరంతా తిరిగిన బంధువులలో అనేకుల రోగులు సరిగా ఈ చివరి తరగతివారే కావడం ఇందులోని విషాదం.

విచిత్రమేమనగా, ఇదే మందును జబ్బు మొదట్లో, ప్రమాదావకాశం ఎక్కువగా ఉండి టీకా వేయించుకొననివారికి మూడుదినాలు ఇచ్చినపుడు ఆసుపత్రి అవసరం నూటికి 5.3 నుండి 0.7కు తగ్గినది. మందు పనికిరానిది కాదు. ఆలస్యంగా వచ్చిన అగ్నిమాపకయంత్రం వంటిది. స్టెరాయిడ్‌ను ముందే ఇచ్చి, వైరస్‌మందును చివర ఇవ్వడం, అనగా సరిగ్గా తలక్రిందులు చేయడం, ఆ రెండునెలల చికిత్సలోని ప్రధానదోషం.

కోలుకొన్నవారి రక్తం నుండి తీసిన ప్లాస్మా విషయంలో మనదేశం ఒక గౌరవప్రదమైన పని చేసినది. 39 ఆసుపత్రులలో 464 మందిపై యాదృచ్ఛిక పరీక్ష జరిపి, 2020 అక్టోబరులోనే ఫలితం ప్రకటించినారు: జబ్బు ముదిరినవారు లేక మరణించినవారు ప్లాస్మా వర్గంలో 44 మంది, రెండవ వర్గంలో 41 మంది. అనగా మేలు లేదు. బ్రిటనులో పదకొండువేలకు పైగా రోగులతో అదే తేలినది. అయినను జాతీయ చికిత్సావిధానం నుండి ప్లాస్మాను తొలగించినది 2021 మే 17న. ఈ మధ్య ఏడునెలలు, అందులో రెండవ తరంగంలో అధికభాగం, దాతలకొరకు వెదకడంలో గడచినవి. స్వదేశంలో చేసిన మంచి ప్రయోగాన్ని స్వదేశమే చదవకపోవడం ఆశ్చర్యం.

2–డీజీ అనే పొడి కథ ఇందుకు భిన్నమైనది. రక్షణ పరిశోధనసంస్థ, హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ కలసి రూపొందించగా, ప్రయోగశాలలోని తొలి పరీక్షలు ఇక్కడి కణజీవశాస్త్ర కేంద్రంలోనే జరిగినవి. వైరస్ సోకిన కణాలు గ్లూకోజును ఆబగా పీల్చుకొంటాయి. గ్లూకోజును పోలిన ఈ పదార్థం లోపల చేరి వాటి శక్తిని కుంటుపరుస్తుంది. ఊహ చక్కనిది. 2021 మే 1న అత్యవసర అనుమతి లభించినది. మూడవదశ పరీక్షలో 220 మంది. మూడవరోజుకు ప్రాణవాయువు అక్కరలేనివారు నూటికి 42, రెండవవర్గంలో 31 అని ప్రకటించినారు. ప్రాణాలు దక్కినవా లేదా అని చెప్పడానికి 220 మంది చాలరు. పూర్తి వివరాలు ఇతర శాస్త్రజ్ఞుల విమర్శకు అందకముందే అనుమతి ఇవ్వడం మంచి సంప్రదాయం అనిపించుకొనదు.

దేశీయవైద్యం మాట కూడ చెప్పవలెను. చార్మినారు ప్రక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న బస్తీలో జోషాందా త్రాగనివారు అరుదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 2021 మేలో మూలికామందు కొరకు వేలమంది బారులు తీరగా, కంటిచుక్కలు తప్ప తక్కినవాటికి ఆ నెల 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించినది. హాని కనిపించలేదన్నది ఒక మాట. మేలు జరిగినదన్నది మరొక మాట. మూలికయని పరిహసించడం తగదు, మూలికయని మినహాయించడమూ తగదు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు పెట్టిన పరీక్షయే దానికీ పెట్టవలెను.

పరీక్షకు నిలిచినవి మరికొన్ని ఉన్నవి. జబ్బు ముదిరినవారిలో శోథను తగ్గించే టోసిలిజుమాబ్ మరణాలను నూటికి 35 నుండి 31కి, బారిసిటినిబ్ మాత్రలు 14 నుండి 12కు తగ్గించినవి. తొలిదశకు నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ జంటమాత్ర కలదు. టీకా వేయించుకొనని, ప్రమాదావకాశం గల 1039 మందిలో ఎనమండుగురికి మాత్రమే జబ్బు ముదిరినది. ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న 1046 మందిలో 66 మందికి ముదిరినది. హెటిరో తయారుచేసిన నిర్మాట్రెల్విర్‌కు 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదం లభించినది. అయితే టీకా వేయించుకొన్నవారిలో ఈ మేలు స్పష్టంగా నిరూపితం కాలేదు. గుండెకు, కొలెస్టరాలుకు వాడే కొన్ని మందులతో దీనికి పొసగదు. మోల్నుపిరావిర్ మొదట సగానికి సగం మేలు చేస్తుందన్నారు; పూర్తి లెక్కలో అది 9.7 నుండి 6.8కి దిగినది. టీకాలు వేయించుకొన్నవారే అధికంగా ఉన్న బ్రిటను పరీక్షలో పాతికవేలకు మించిన ప్రజలను రెండు వర్గాలు చేయగా, ఆసుపత్రి చేరినవారు, మరణించినవారు కలిసి రెండింటా నూటికి ఒక్కరే. జబ్బు మోస్తరుగా ఉన్నవారిపై దీనిని పరీక్షిస్తున్న రెండు హైదరాబాదు సంస్థలు ఫలితం లేదని 2021 అక్టోబరులోనే ఆ పరీక్షలను ఆపుకొనదలచినవి.

ఈ అంకెలను నేటి రోగికి యథాతథంగా అన్వయించరాదు. ఇవి చాలవరకు టీకాలు లేని రోజులవి. 2021 మేలో ఒక మోతాదు 59,750 రూపాయలకు వచ్చిన ప్రతిరక్షకాల మిశ్రమం ఒమిక్రాన్ రకం రాగానే నిష్ఫలమైనది. టీకా, పూర్వపు సోకుడు వల్ల నేడు అపాయం మునుపటివలె లేదు. అపాయం తగ్గినకొద్దీ ఒక ప్రాణం దక్కించడానికి మందు ఇవ్వవలసినవారి సంఖ్య పెరుగుతుంది.

పరీక్షలలో మనదేశం పాలెంత? 2020 అక్టోబరు నడిమికి ‘సాలిడారిటీ’లో ముప్పది దేశాల నుండి చేరిన పదకొండువేల పైచిలుకు రోగులలో భారతదేశం నుండి చేరినవారు 26 కేంద్రాల నుండి 937 మంది. ఆనాటికి దేశంలో కరోనా సోకినవారి లెక్క డెబ్బదిలక్షలు దాటినది. చీటీలలో ఎక్కిన మందులలో ఒక్కదానినైనా ఇక్కడి రోగులలో నూటికి ఒకరికి వంతులు వేసి ఇచ్చినట్లయితే, బ్రిటను నుండి జవాబు వచ్చేదాక ఆగవలసిన అవసరం లేకపోయేది. లారీ తప్పు చేసినాడుగాని, తన ప్రశ్నకు జవాబును తన ఊరిలోనే వెదకినాడు. ఆ ప్రయత్నానికి నిజాం సొమ్ము కూడ వెచ్చించినాడు.

హైదరాబాదు సంఘం పొరపాటును దిద్దడానికి 1889 నుండి 1911 దాక ఇరువదిరెండేండ్లు పట్టినది. హైడ్రాక్సీక్లోరోక్విన్ సలహా వెలువడిన 2020 మార్చి 22 నుండి, అది రోగులకు పనిచేయదని ‘రికవరీ’ ప్రకటించిన జూన్ 5 దాక పట్టినవి డెబ్బదియైదు దినాలు. మండలి తన చికిత్సావిధానం నుండి ఆ మందునూ, ఐవర్‌మెక్టిన్‌నూ తొలగించినది 2021 సెప్టెంబరులో.